జాబితాలో మూడో పేరు

ఆ గురువారం చేయవలసిన పనులను పొద్దున ట్రైన్‌లో కూర్చుని ఒక కాగితం మీద రాసుకున్నాను.

ఒకటి: పై ఆఫీసు నుంచి వచ్చిన ప్రకటనను పది గంటల లోపల తమిళంలోకి, తెలుగులోకి మార్చి ఇవ్వాలి.

రెండు: అమ్మకు షుగర్ మాత్రలు.

మూడు: ఓడ మనుషుల ఇళ్ళనుంచి వచ్చిన పదకొండు ఉత్తరాలకు జవాబులు.

నాలుగు: కనకవల్లి వదినకు చెప్పాలి.

ఐదు, ఇది పదకొండున్నర దాటాక ఆఫీసులో చేర్చింది: మునిరత్నం పెదనాయనను సాయంత్రం ఐదు లోపల పెద్దాసుపత్రికి తీసుకుపోయి రక్తం ఇప్పించాలి.

నాలుగో దాంట్లో ఏం చెప్పాలో రాయలేదు. పక్కవాళ్ళు చదువుతారని కాదు. నేను చదవాల్సి వస్తుందని.

మొదటినుంచీ నాతో వస్తున్నవాళ్ళకు సంగతి తెలుసు. ఇవాళే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు మాటలు. నా పేరు శ్రీప్రియ. తిరువొత్తియూరులో మా వీధిలో డిగ్రీ పూర్తి చేసిన మొదటిదాన్ని. విదేశాల్లో పనిచేసేవాళ్ళ కోసం ఎగ్మూరులో ఒక సహాయ కేంద్రం ఉంది, అందులో కాంట్రాక్టు ఉద్యోగం. గల్ఫ్ పక్క రెండు దేశాలు మూడు వారాలుగా ఒకదాని మీద ఒకటి డ్రోన్లు వేసుకుంటున్నాయి. పోయిన శుక్రవారం వాటి నడుమ జలసంధిలో వెళ్తున్న ఒక చమురు ఓడకు దెబ్బ తగిలింది. ఓడలో ఇరవై ఇద్దరు. పదముగ్గురిని కాపాడారు, వాళ్ళ పేర్లు ఇంకా బయటపెట్టలేదు. మిగతా తొమ్మిదిమంది పేర్లతో సోమవారం ఒక జాబితా వచ్చింది. మా వీధి శివరామన్న ఆ ఓడలోనే ఇంజన్ గదిలో పనిచేస్తాడు. ఆయన పేరు జాబితాలో లేదని ఆయన భార్య కనకవల్లి వదినకు ఫోన్ చేసి చెప్పింది నేనే. ఆమె ఫోన్‌లోనే ఏడ్చేసింది, సంతోషంతో. మనం ఆగింది అక్కడే.

బుధవారం సాయంత్రం పాస్‌పోర్టు నంబర్లతో సహా పూర్తి జాబితా వచ్చింది.

దాని గురించి చెప్పే ముందు మా పేర్ల సంగతి చెప్పాలి. అరవదేశపు తెలుగువాళ్ళకు ఇంటిపేరు లేక కాదు. పెళ్ళి మాటలప్పుడు పెద్దవాళ్ళు అడుగుతారు, చెబుతాం, మళ్ళీ మూట కట్టి పెట్టేస్తాం. బడిలో, రేషన్ కార్డులో, ఓటరు జాబితాలో మా పేరు, దాని ముందు నాన్న పేరులోని మొదటి అక్షరం. అంతే. ఎం. శివరామ్. ఎం అంటే మునిరత్నం, శివరామన్న నాన్న, నాకు పెదనాయన వరస.

ఆరేళ్ళ కిందట శివరామన్న పాస్‌పోర్టు ఫారం నింపింది నేను. మా వీధిలో ఎవరికి ఏ ఫారం కావాలన్నా నా దగ్గరికే వస్తారు. ఇంటిపేరు అడిగిన గడి ఖాళీగా ఉంటే బయటిదేశం కంపెనీలు పేచీ పెడతాయని విన్నాను. మా పక్కన అందరూ చేసే పనే చేశాను. ఎం అనే అక్షరాన్ని విప్పి, ఆ గడిలో మునిరత్నం అని రాశాను.

ఓడ కంపెనీకి ఇంటిపేరే పేరు. దాన్ని ముందు వేసి, అసలు పేరును ఒక్క అక్షరానికి కుదించింది. జాబితాలో మూడో వరుస: మునిరత్నం ఎస్. సోమవారం నేను ఆ వరుస చదివాను. ఎస్‌తో మొదలయ్యే పేరున్న ఎవరో తండ్రికి పుట్టిన, మునిరత్నం అనే ఎవరో మనిషి అనుకున్నాను. మా ఊళ్ళో ఎవరు చదివినా అట్లాగే అనుకుంటారు. శివరామ్ కోసం పైనుంచి కిందికి మూడుసార్లు వెతికాను. లేడు. లేడనే చెప్పాను.

బుధవారం ఆ మూడో వరుస పక్కన శివరామన్న పాస్‌పోర్టు నంబరు చూశాక లేచి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

మా పైఅధికారి కాంతారావు గారు గోదావరి జిల్లా మనిషి, రిటైరయ్యాక ఈ కుర్చీలోకి వచ్చారు. చెడ్డవారు కాదు. "పొద్దున్న పైనుంచి ఖాయం చేసేదాకా బయట అనకమ్మా" అన్నారు. ఆ రాత్రి శివరామన్న ఇంటిముందు నుంచి తల వంచుకుని పోయాను. లోపల టీవీ మోగుతూ ఉంది.

గురువారం పొద్దున ప్రకటన ముందేసుకుని కూర్చుంటే కాంతారావు గారు వచ్చి నా వెనక నిలబడ్డారు.

"ఇందులో కొత్తగా ఏముందమ్మా? పోయిన వారందే తియ్యి, తేదీ మార్చు. 'తీవ్ర ఆందోళన' ముందొస్తుంది, 'సంయమనం' తర్వాతొస్తుంది, 'చర్చలు' ఆఖర్ని. అటూ ఇటూ చెయ్యకు."

"సార్, ఈసారి మనవాళ్ళు కూడా ఉన్నారు కదా."

"ఉన్నారనే కదా 'తీవ్ర' వేశారు. లేకపోతే ఉత్తి ఆందోళనే."

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఇరుపక్షాలు సంయమనం పాటించి శాంతియుతంగా సమస్యను పరిష్కరించుకోవాలని నేను తెలుగులో రాయడం అది ఆరోసారి. తేదీ మార్చాను.

పదకొండున్నరకు ఖాయం చేస్తూ కబురు వచ్చింది. దాంతోపాటు ఇంకొక ఉత్తరం. అక్కడి రేవు ఆసుపత్రిలో నాలుగు శవాలు ఉన్నాయి, కాలిపోయి గుర్తుపట్టేట్టు లేవు. కన్నవాళ్ళుగానీ బిడ్డలుగానీ రక్తం ఇస్తే పోల్చి చూస్తారు. చెన్నైలో ఇవాళ సాయంత్రం ఐదుకు తీసుకోవడం ఆపేస్తారు. రక్తం కలవని శవాలను శనివారం అక్కడే పూడ్చేస్తారు. ఐదుగురి జాడ అసలే లేదు.

"పిల్లలున్నారా అతనికి?" అన్నారు కాంతారావు గారు.

"లేరు సార్. పెళ్ళయి ఎనిమిది నెలలు. రెండో నెలలోనే ఓడెక్కాడు. తల్లి పోయింది. తండ్రి ఉన్నారు."

"అయితే ఆయన్ని తీసుకురా. ఆలస్యం చెయ్యకు." కొంచెం ఆగి, "తప్పు నీది కాదమ్మా, ఆ జాబితాది" అన్నారు.

అది ఓదార్పని నాకు తెలుసు. కానీ గడి నింపింది జాబితా కాదు.

ఒంటిగంట దాటాక మా వీధిలోకి వచ్చేసరికి కనకవల్లి వదిన గడపలో ఇత్తడి గిన్నె పెట్టుకుని, విస్తరాకు ముక్కల్లో చక్కెర పొంగలి పంచుతూ ఉంది. సోమవారం మొక్కుకున్న మొక్కు. ఎదురింటి గోవిందస్వామి మామ వల ఒళ్ళో వేసుకుని, ఒక చేత్తో ఆకు పట్టుకుని తింటున్నాడు.

"అదో, ఆఫీసరమ్మ వచ్చేసింది! ఏం పాపా, మధ్యాహ్నమే వదిలేసినారా? యుద్ధం ముగిసిపోయిందా?" అంది వదిన.

"ముగిస్తే ఆ పిల్లకి ఉద్యోగం యాడుంటాది? ముగియనీదు" అన్నాడు గోవిందస్వామి మామ నోటి నిండా పొంగలితో.

వదిన ఒక ఆకు నా చేతిలో పెట్టింది. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. తిన్నాను. నెయ్యి బాగా వేసింది, జీడిపప్పు కూడా.

వసారాలో మునిరత్నం పెదనాయన పేపరు చదువుతున్నాడు. ఆయన పక్క గూట్లో మట్టి ప్రమిద వెలుగుతూ ఉంది. ఎర్రని ఎండలో ఆ వెలుగు ఉందో లేదో తెలియడం లేదు.

"అదేంది పెదనాయనా, పగటిపూట దీపం?"

"నా పేరోడికి అమ్మణ్ణీ." పేపరు మడిచి చూపించాడు. "ఇదో, మూడో పేరు. మునిరత్నం ఎస్. ఏ ఊరోడో, ఎవురి బిడ్డో పావం. మన ఇంట్లో పిల్లోడు మిగిలినాడు, వాని ఇంట్లో మిగల్లా. నా పేరు మోసుకోని పోయినాడు గదా, ఒక దీపమన్నా పెట్టద్దా? సోమవారం నుంచి ఆరనీలా."

నేను ఆ దీపాన్ని చూస్తూ నిలబడిపోయాను.

వదిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. "పొద్దున టీవీలో మళ్ళా అదే చదివినారు. తెలుగులో నువ్వే దా రాసేది అంటివే. సంయమనం. అట్టంటే ఏంది పాపా?"

"ఓర్చుకోవడం వదినా."

"ఎవురు ఓర్చుకోవాల?"

"రెండు దేశాలూ."

"సరి సరి. మనల్ని ఓర్చుకోమంటారేమో అనుకున్నా" అని నవ్వింది.

ఇంక ఆగితే చెప్పలేనని తెలిసింది. "వదినా, అన్న పాస్‌పోర్టు జిరాక్స్ ఉందా?"

"ఉండాది. ఏం, టిక్కెట్టు వేస్తారా? ఎప్పుడు పంపిస్తారంట?" అంటూనే పెట్టె తెరిచి తెచ్చింది. నేను సంచిలోంచి పూర్తి జాబితా తీశాను.

"నంబరు చదువు వదినా. ఒక్కో అంకె."

"ఏడు" అంది ఉత్సాహంగా. నేను తల ఊపాను. "మూడు. సున్నా. ఎనిమిది." నేను తల ఊపుతూనే ఉన్నాను. ఐదో అంకె దగ్గర ఆమె గొంతు తగ్గింది. ఆరో అంకె చదువుతూ నా చేతిలోని కాగితం వైపు చూసింది. ఏడో అంకె చదవలేదు. నా చేతిలోనుంచి కాగితం లాక్కుంది.

"ఇది ఆ తొమ్మిదిమంది లిస్టు గదా?"

"అవును వదినా."

"దీంట్లో నా మొగుని నంబరు ఎట్టుండాది? ఆయన పేరు లేదంటివే. మూడుతూర్లు చూసినా అంటివే."

"మూడో పేరు వదినా. మునిరత్నం ఎస్. ఎస్ అంటే శివరామ్. ఫారంలో ఇంటిపేరు గడిలో నేను పెదనాయన పేరు రాశాను. వాళ్ళు దాన్నే పేరు చేశారు. నేను కనిపెట్టలేకపోయాను."

పెదనాయన మెల్లగా గూటివైపు తిరిగి ప్రమిదను చూశాడు. చేత్తో ఆర్పబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వే రాసినావు" అంది వదిన. "నువ్వే లేదన్నావు. చదువుకున్నదానివని గదా నీ మాట నమ్మి నేను నిద్రపోయినా? మూడు రాత్రులు నిద్రపోయినా పాపా నేను! ఈడ పూలు పెట్టుకోని, పొంగలొండి..." ఆమె మాట మధ్యలో ఆపేసి వీధిలోకి పరుగెత్తింది. గోవిందస్వామి మామ చేతిలోని ఆకును లాగేసింది. "తినద్దు మామా. తినద్దు. ఉమ్మేయ్." పక్కింటికి పోయింది. "అక్కా, తిన్నారా? తినకుంటే ఇచ్చేయండి." ఒక్కో గడపకు పోయి ఆకులు వెనక్కి తీసుకుంటూ ఉంది. ఏమయిందని అడిగినవాళ్ళకు జవాబు చెప్పడం లేదు. గోవిందస్వామి మామ ఖాళీ చెయ్యి అట్లాగే చాచుకుని నన్ను చూశాడు.

ఆమె తిరిగి వచ్చేదాకా ఆగి, మిగతాదీ చెప్పాను. నాలుగు శవాల సంగతి, శనివారం సంగతి, ఐదు గంటల సంగతి. "అన్న ఆ నలుగురిలో ఉన్నాడో లేదో రక్తం ఇస్తేనే తెలుస్తుంది వదినా. పెదనాయన ఇప్పుడే బయలుదేరాలి."

"నాది తీసుకోరా?"

"భార్యది పనికిరాదు వదినా. కన్నవాళ్ళది కావాలి."

"మామా, లెయ్యి" అంది. "చొక్కా ఏసుకో. ఆయన్ని ఆడ ఊరూ పేరూ లేనోడిగా పూడ్చనీను. లెయ్యి మామా!"

పెదనాయన లేచాడు. చిలక్కొయ్యకున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు. మూడు గుండీలు పెట్టుకున్నాడు. మళ్ళీ ఒక్కొక్కటే విప్పేశాడు. చొక్కా మడిచి కుర్చీ మీద పెట్టి, నేల మీద కూర్చున్నాడు.

"నేనొచ్చి ఏం చేసేది అమ్మణ్ణీ? నా నెత్తురు పనికి రాదు."

"షుగర్ ఉన్నా పరవాలేదు పెదనాయనా."

"షుగర్ కాదు. వాడు నాకు పుట్టినోడు కాదు."

వదిన గోడకు ఆనుకుంది. వీధిలో కంటైనర్ లారీ ఒకటి పోతూ ఉంది, అది దాటేదాకా ఆయన ఆగాడు. తర్వాత చెప్పాడు. నన్ను చూసి కాదు, వదినను చూసీ కాదు.

"కన్నియప్పన్ అని నా జతగాడు. ఒకే కట్టుమరం మీద పెరిగినోళ్ళం. ఈడ చేప పడడం లేదని ఆ ఏడు నాగపట్నం బోటులో కూలికి పోయినాడు. సముద్రంలో సరిహద్దు గీత దాటినారని అవతలి దీవి దేశపోళ్ళు కాల్చినారు. ఆ పొద్దు ఆడ గూడా యుద్ధమే. శవం ఇయ్యలా. వాళ్ళు, కాల్చింది మేం కాదన్నారు. మన సర్కారోళ్ళు, ఇచ్చేస్తారు ఉండమన్నారు. అరవ పేపర్లో పెద్దగా ఏసినారు, రెండు పక్కలా నిదానంగా ఉండాలంట. నిదానం! ఇరవై ఎనిమిదేళ్ళు అవతా ఉండాది. అంతకన్నా నిదానం ఎవురు?"

"శివరామన్న?" అన్నాను.

"కన్నియప్పన్ బిడ్డే వాడు, అప్పుడు మూడు నెలలు. వాళ్ళమ్మ జయంతి తెచ్చి నా పెండ్లాం ఒడిలో పెట్టింది. మాకు బిడ్డల్లేరు. ఇద్దరం ఒట్టేసినాం. ఆమె ఈ దిక్కుకి రాకూడదు, మేం ఆమె దిక్కుకి పోకూడదు. ఇంకొక మాట అడిగింది. కన్నియప్పన్ పేరు వీనికి తగలనియ్యద్దు అనింది. ఆ పేరు సముద్రానికి తెలుసు, నీ పేరు పెట్టు, నీ పేరుతో వీడు నేల మీద బతకతాడు అనింది. బడిలో ఏసేటప్పుడు ఎం అని రాయించినా." ఆయన తల ఎత్తాడు. "నా పేరే పెట్టినా అమ్మణ్ణీ. నువ్వు ఫారంలో రాసింది తప్పు కాదు. నేను రాయించిందే దా తప్పు."

కనకవల్లి వదిన ఏడవలేదు. ఆమె అడిగినవి రెండే. "ఆయనకి తెలుసునా?"

"తెలవదు."

"ఆమె బతికుండాదా?"

"టి. నగర్‌లో, పాండీ బజారు వెనక సందులో చీరలకి ఫాల్స్ కుడతాది. వేరే పెండ్లి చేసుకుంది. వాని పుట్టినదినం పొద్దు ఏటా పోయి సందు మొదట్లో నిలబడి చూసొస్తా. పలకరించింది లేదు. ఒట్టు."

వదిన చొక్కా తీసి ఆయన మీదికి విసిరింది. "ఏసుకో. ఒట్టు నాకు లేదు."

ట్రైన్‌లో ముగ్గురం మూడు చోట్ల కూర్చున్నాం. మాంబళం స్టేషన్లో దిగి, జనాన్ని తోసుకుంటూ ఆ సందులోకి పోయేసరికి మూడున్నర దాటింది. పెదనాయన సందు మొదట్లోనే ఆగిపోయాడు, ఏటా నిలబడే చోట. నేనూ వదినా ముందుకు పోయాం.

ఒకే గది అంగడి. లోపల ఒకాయన చీరలు ఇస్త్రీ చేస్తున్నాడు. గడప దగ్గర కుట్టుమిషన్ ముందు ఒకామె, యాభై దాటి ఉంటుంది, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నాయి. దారం పళ్ళతో తెంపే తీరు చూసి గుర్తుపట్టాను. శివరామన్న వల దారాన్ని అట్లాగే తెంపుతాడు, తల పక్కకు వంచి.

"జయంతమ్మా?"

"ఆమా. ఫాల్సా? రేపు దా అవతాది."

"ఫాల్స్ కాదమ్మా. తిరువొత్తియూరు నుంచి వచ్చాం."

ఆమె కాలు మిషన్ మీద ఆడుతూనే ఉంది. ఇస్త్రీ చేసే ఆయన తల ఎత్తకుండానే "యారు?" అని తమిళంలో, ఎవరని అడిగాడు.

"శివరామ్ గురించి" అన్నాను మెల్లగా. "ఓడలో ఉన్నాడు. మీ రక్తం కావాలి. ఐదు లోపల."

ఆమె నా మొహం చూడలేదు. నా భుజం మీదుగా వీధిని చూసింది. సందు మొదట్లో పెదనాయన ఎండలో నిలబడి ఉన్నాడు. ఆమె కాలు ఆగింది. సూది చీరలోకి దిగి అక్కడే నిలిచిపోయింది.

తర్వాత మళ్ళీ చక్రం తిప్పింది.

"ఎవురో వేరే జయంతి అయ్యుంటాది" అంది, లోపలి ఆయనకు వినపడేట్టు. "నాకు బిడ్డల్లేరు."

వదిన ఆ గడప మీదనే కూర్చుండిపోయింది. కూర్చుని, జయంతమ్మ పాదాలను చూస్తూ ఉంది. ఆ పాదాలు వేగం పెంచాయి. గోడ గడియారంలో నాలుగుకు పది నిమిషాలు ఉంది.

ఆసుపత్రి ఫారం నా చేతిలో ఉంది. మొదటి గడిలో శివరామ్ అని రాశాను. రెండో గడి, తండ్రి పేరు. ఆరేళ్ళ కిందట గడి ఖాళీగా ఉండకూడదని నింపాను. ఈసారి నింపలేదు. అక్కడ ఒక పేరు రాయాలా, రెండు రాయాలా, ఆమె లేవకపోతే అసలు రాసి ప్రయోజనం ఉందా, నాకు తెలియలేదు.

నేను పనుల కాగితం రాసుకునే మనిషిని. అయినా ఆ తొందరలో మరిచిపోతానేమోనని భయంగా ఉంది. అందుకే ఇది చదువుతున్న మిమ్మల్ని అడుగుతున్నాను. నాగపట్నం బోటులో కూలికి పోయినవాడు ఒకడున్నాడు. ఆయన ఏ జాబితాలోనూ లేడు, ఏ ప్రకటనలోనూ ఆయన పేరు రాలేదు, కన్న కొడుకు పేరు ముందు ఒక్క అక్షరంగా కూడా మిగలలేదు. నేను ఆ గడిలో రాసేదాకా ఆ పేరును మీరు గుర్తుపెట్టుకోండి.

కన్నియప్పన్.